వ్రాయలేని చేయి, చెప్పగల నోరు

అనంతపురము ప్రత్యేకమైన జిల్లాగా ఏర్పడినది 1882వ సంవత్సరమున. అంతకు పూర్వము రాప్తాడు మొదలైన ఊళ్ళతో కూడిన ఈ మెట్టసీమయంతయు బళ్ళారి జిల్లాలో చేరియుండెను. ఆ జిల్లాకు కలెక్టరుగా నుండినవాడును, అంతకు ముందే 1816లో తెలుగునకు ఆంగ్లమున వ్యాకరణము రచించినవాడును అగు ఏ. డి. కాంబెల్ దొర, మద్రాసు ప్రభుత్వమువారి కోరికపై 1823లో తన జిల్లాలోని పాఠశాలల స్థితిని గూర్చి యొక నివేదిక పంపెను. అప్పటికి జిల్లాయందు 533 బడులున్నవనియు, వానిలో 6,641 మంది చదువుచున్నారనియు, అందు 226 తెలుగు బడులనియు ఆ నివేదికలో లెక్క యున్నది. లెక్కలకంటె విలువైన విషయము మరియొకటి అందు కలదు. బడిలో చేరిన పిల్లవాడు మొట్టమొదట నేలమీది ఇసుకలో వ్రేలితో దిద్ది అక్షరములు నేర్చుకొనుననియు, వ్రేలు బాగుగా తిరిగిన పిదపనే తాటియాకుమీద గంటముతోనో, కాగితముమీద రెల్లుకలముతోనో, పలకవలె ఉపయోగించు కడితముమీద బలపమువంటి దానితోనో వ్రాయుట కతనికి అధికారము కలుగుననియు ఆయన వర్ణించెను. అట్లు నేర్చిన బాలురు పద్యములను విరివిగా వల్లించుచుండిరే గాని, ఆ పద్యముల భాష వారింట మాటలాడు భాషకు దూరమైనది కావున అర్థమును గ్రహింపకుండిరని కూడ ఆయన చింతించెను.

ఇసుక, తాటియాకు, కడితము, పలక, కాగితము: ఇట్లు ఈ సీమలో వ్రాతకు సాధనములు ఒకటి వెంట నొకటి మారుచునే వచ్చినవి. వానిలో ప్రతి యొక్కటియు చేతినుండి ఏదో యొక నేర్పును కోరినది. ఆ నేర్పు అలవడని పిల్లవానిని చదువునుండియే వెడలగొట్టినది. ఆ వరుసలో కడపట వచ్చి చేరిన కంప్యూటరునకు మాత్రము తక్కినవాని కెన్నడును లేని గుణ మొకటి యున్నది. అక్షరమును చెక్కు పనిని, చెక్కిన యక్షరమును సరిచూచు పనిని, తుదకు పలికిన పలుకును లిపిగా మార్చు పనిని అది తానే వహింపగలదు. ఆ భారము తొలగిన పిల్లవాడు తలపును వాక్యముగా మలచు పనిని, అనగా అసలైన రచనను, తాను చేసికొనవచ్చును. ఈ విభాగ మెట్లు సాధ్యమగుచున్నదో, అది తెలుగు లిపికిని, అందును ఈ మండలపు పలుకునకును ఎంతవరకు అన్వయించుచున్నదో విచారింపవలసియున్నది.

రాప్తాడు అనంతపురమునకు దక్షిణముగా, బెంగుళూరునకు పోవు జాతీయ రహదారి నంటియున్న మండల కేంద్రము. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ జిల్లా ఎఱ్ఱనేలలలో చెనిక్కాయ పంటయే పలు కుటుంబములకు ఆధారము; వాన తప్పిన యేట ఆ కుటుంబములలో కొన్ని బెంగుళూరు దారి పట్టుటయు, దానితో పిల్లల చదువు నడుమ తెగిపోవుటయు ఈ సీమకు క్రొత్త కాదు. ఇట్టి చోట వ్రాత రాని పిల్లవాడు బడిలో కనబడినపుడు, అన్నిటికిని కరవే కారణమనుకొని ఊరకుండుట సులభము. కాని కారణములు వేఱు వేఱుగా నున్నవి. కొందరు తఱచు బడి మానుటచేత నేర్వలేదు. వారికి కావలసినది ఓర్పుగల బోధన. కొందరికి కంటికిని వ్రేళ్ళకును నడుమ ఉండవలసిన పొందిక కుదరదు. వారి యక్షరములు గీత దాటి పోవును, వరుస తప్పును, నాలుగు పంక్తులు వ్రాయునప్పటికి చేయి నొచ్చును. కొందరికి ధ్వనికిని అక్షరమునకును గల సంబంధము మనసున నిలువక, ఒకే పుటలో ఒకే మాటను మూడు విధముల వ్రాయుదురు. మరికొందరు గుండ్రని యక్షరములే వ్రాయుదురు గాని, తలపులను ఒక వరుసలో పెట్టి కూర్పలేరు. మొదటి తెగను విడిచి తక్కినవారి చిక్కులను శాస్త్రజ్ఞులు డిస్‌గ్రాఫియా, డిస్‌లెక్సియా మొదలగు పేర్లతో వ్యవహరించుచున్నారు. ఈ చిక్కులకును తెలివితేటల కొఱతకును సంబంధము లేదు. చెనిక్కాయ విత్తు మొదలు కట్టె పీకువఱకు జరుగు పనులనన్నిటిని నోట ధారాళముగా చెప్పగల బాలుడు, అదే విషయమును వ్రాయుమన్నపుడు "నాకు రాసేకి రాదు సార్" అని తలవంచుకొనుట ఈ తేడాను చూపు నిదర్శనము. అతనిని సోమరి యనుట అన్యాయము. అనేక తరములుగా మన బడులు ఆ యన్యాయమును చేయుచునే వచ్చినవి.

వ్రాయునపుడు మనసులో జరుగు వ్యాపారమును 1980ల తొలినాళ్ళలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున లిండా ఫ్లవర్, జాన్ హేస్ అను ఇరువురు పరిశీలించి, అది యోచన, వాక్యరచన, పునఃపరిశీలన యను మూడు క్రియలు ఒకదానిలో నొకటి పెనవైచుకొనినట్టిదని నిరూపించిరి. వారు చూచినది పెద్దవారి వ్రాతను. పిల్లల విషయమున ఈ మూటికి తోడు మఱియొకటి, పెద్దలకు స్మరణకే రానంతగా అలవాటైపోయినది, యున్నదని వర్జీనియా బెర్నింగర్ మొదలగువారు తర్వాత చూపిరి: అది లిపీకరణము, అనగా అక్షరమును జ్ఞాపకము చేసికొని చేతితో గీయుట. మానవుని మనసున ఏ క్షణమునకు కావలసిన విషయమును ఆ క్షణమున పట్టియుంచు తాత్కాలిక స్మృతి మిక్కిలి ఇరుకైనది. లిపీకరణము అభ్యాసవశమున అప్రయత్నముగా సాగువారికి ఆ చోటంతయు భావమునకు మిగులును. సాగనివారికి ప్రతి యక్షరమును ఆ చోటును ఆక్రమించుకొనుటచే, చెప్పదలచిన మాట నడుమనే జారిపోవును.

దీనిని ఫ్రాన్సులో బూర్డాన్, ఫయోల్ అను పరిశోధకులు 1994లో ప్రకటించిన ప్రయోగమొకటి అందముగా బయలుపఱచినది. వారు పిల్లలకు కొన్ని మాటలను వినిపించి, ఒకసారి నోటితోను, ఒకసారి వ్రాతతోను తిరిగి యిమ్మనిరి. నోట చెప్పినప్పటికంటె వ్రాసినపుడు పిల్లలకు తక్కువ మాటలు జ్ఞప్తికి వచ్చినవి. పెద్దలలో ఆ భేదము కానరాలేదు. అంతటితో ఆగక వారు పెద్దలను అలవాటు లేని వంపుల పెద్దక్షరములలో వ్రాయుమని కోరగా, ఆ పెద్దల జ్ఞాపకమును పిల్లల జ్ఞాపకమువలెనే తగ్గిపోయెను. చేయి తడబడినపుడు మనసు ఎట్లు తడబడునో చదువరి తానే తెలిసికొనగోరినచో, ఎడమచేత ఒక పుట ఉత్తరము వ్రాసి చూచుకొనవచ్చును.

మన మెట్టపొలములలో గొఱ్ఱుతో విత్తునపుడు ఒకరు ఎద్దులను అదలించుచు సాలు చక్కగా పోవునట్లు చూచుకొందురు, వేఱొకరు జడ్డిగములో గింజలు తప్పక పడునట్లు విడుచుచుందురు. రెండు పనులను పసివాడొక్కనికే అప్పగించినచో సాలును వంకరపోవును, విత్తనమును చెడును. వ్రాత రాని బాలునిపట్ల మనము చేయుచున్నది ఇదియే. యంత్రము గొఱ్ఱు పట్టుకొననిండు. గింజ విడుచుట మాత్రము పిల్లవాడే చేయవలెను. ఈ మేరను మఱచి యంత్రమే గింజలను కూడ విడువసాగినచో పంట ఎవరిదన్న ప్రశ్న పుట్టును. దానిని తర్వాత ప్రస్తావించెదను.

తెలుగు లిపి సౌందర్యమును మెచ్చుకొననివారు లేరు. కాని నేర్చువాని పక్షమున నిలిచి చూచినచో అది చేతికిని కంటికిని పెట్టు పరీక్ష చిన్నది కాదు. ఆంగ్లమున ఇరువదియాఱు అక్షరములు ఒకే గీతమీద ఒకదాని ప్రక్క నొకటి నిలిచియుండును. మనకు అచ్చులు, హల్లులు మొదలైనవన్నియు కలిపి సంప్రదాయమున ఏబదియాఱు అక్షరములు. ప్రతి హల్లునకును గుణింతము. ఆపైన క్రింద వ్రాయవలసిన వత్తులు. ప-వ, మ-య, బ-భ, ద-ధ-థ వంటి జంటలలో భేదమంతయు ఒక చిన్న గీటుపైననో చుక్కపైననో ఆధారపడియున్నది. అంతకంటె సూక్ష్మమైన చిక్కొకటి కలదు. "స్త్రీ" అను మాటను తీసికొందము. చెవికి మొదట సకారము, పిదప తకారము, పిదప రేఫము, కట్టకడపట ఈకారము వినబడుచున్నవి. వ్రాతలో నన్ననో, చివర వినబడిన ఈకారపు గుడిదీర్ఘము మొట్టమొదటి సకారము నెత్తి నెక్కియుండును. నడుమ వినబడిన తకార రేఫములు దాని పాదములచెంత చేరియుండును. కాలక్రమమున వినబడినదానిని పిల్లవాడు పైన, క్రింద, ప్రక్కన అను స్థలక్రమమున అమర్చవలెను. ఈ అమరిక అలవడుటకు ఎంతో కాలము పట్టును. మన లిపికి తోబుట్టువైన కన్నడమునందు పిల్లల చదువును పరిశీలించిన సోనాలీ నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధనయందు, అక్షరసముదాయముపై పట్టు చిక్కుట నాలుగవ తరగతివఱకును సాగుచుండునని కనుగొనిరి. తెలుగు పిల్లవానికి ఇంతకంటె సులభమగునని అనుకొనుటకు కారణము కానరాదు. ఆంగ్లమునకై వ్రాసిన గ్రంథములలోని కాలప్రమాణములను మన పిల్లలకు అంటగట్టి, రెండవ తరగతిలోనే వారికి వైకల్యముద్ర వేయుట తగదు.

ఇట్టి లిపికి కంప్యూటరు చేసిన మేలు చిత్రమైనది. 1991లో వెలువడిన భారతీయ ప్రమాణసంకేతమైన ఇస్కీలోను, అదే సంవత్సరము మొదలైన యూనికోడులోను తెలుగును దాచుపద్ధతి చెవి ననుసరించినదే గాని కంటి ననుసరించినది కాదు. పైన చెప్పిన మాట యంత్రమున స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము అను ఆఱు సంకేతములుగా, వినబడిన వరుసలోనే నిలిచియుండును. ఏ గుర్తు పైకెక్కవలెనో, ఏది వత్తై దిగవలెనో నిర్ణయించి తెరపై దిద్దునది ముద్రాక్షరమును, దాని వెనుకనున్న యంత్రాంగమును. ఈ పద్ధతిని ఏర్పఱచినవారు వైకల్యముగల పిల్లలను మనసున నుంచుకొని చేసినవారు కారు; అయినను స్థలక్రమము పట్టుబడని బాలునికి అందువలన కలిగిన ఉపకారము గొప్పది. ధ్వనులను వరుసగా విడదీసి చెప్పగలిగిన చాలును, రూపమును యంత్రము దిద్దును.

కీలుపలకల విషయమున నా అభిప్రాయమును దాచను. భారతప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖవారు 1986లో నిర్ణయించిన ఇన్‌స్క్రిప్టు అమరికలో అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వచ్చును. భారతీయ లిపులన్నిటికిని స్థానము లొక్కటియే కావున, తెలుగు నేర్చిన వ్రేళ్ళకు ఈ సరిహద్దుసీమకు పరిచితమైన కన్నడము కూడ అప్రయాసముగా లభించును. ఇందుకు భిన్నముగా, ప్రవాసాంధ్రులు అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున 1990లలో రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతియు, దానిని అంతర్జాలమున అందఱకును సులభము చేయుచు 2006లో వీవెన్ వెలువరించిన లేఖినియు, రోమను అక్షరములతో కొట్టినదానిని తెలుగుగా మార్చును. కంప్యూటరుపై తెలుగు వ్రాత ఇంతగా వ్యాపించుట కవి చేసిన సేవ మఱువరానిది. అయినను, తన లిపితోనే పెనుగులాడుచున్న రాప్తాడు బాలుని మఱియొక లిపి గుండా త్రిప్పి తీసికొనివచ్చుట ఒక బరువు దించి రెండు మోపుట యగును. ఆంగ్లము ముందుగా వచ్చినవారికి తగిన సాధనము తెలుగే ముందుగా నేర్వవలసినవానికి తగదు. బడులలో అ, ఆ, క, ఖ అని స్పష్టముగా ముద్రించిన కీలుపలకనో, తెరపై తెలుగక్షరములనే చూపు అమరికనో పెట్టుట మేలు.

మాట మొదటి రెండు మూడక్షరములు కొట్టగనే మిగిలినదానిని ఊహించి కొన్ని మాటలను ఎదుట నిలుపు పదసూచన యను సాధనము ఇప్పుడు చేతిఫోనులు గల అందఱకును పరిచితమే. అది మొదట తొందరగల వ్యాపారులకై పుట్టినది కాదు. స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయమున అలన్ న్యూయెల్, జాన్ ఆర్నాట్ మొదలగువారు 1980లలో, చేతులు స్వాధీనమున లేనివారికై అట్టి సాధనమును రూపొందించిరి. అక్షరదోషములతో బాధపడు పిల్లలకు కూడ అది అక్కఱకు వచ్చునని అనుభవమున తేలెను. ఏ మాట తఱచుగా వాడబడునో, ఏ మాట వెంట ఏ మాట వచ్చుట సహజమో అను గణనమే దాని ప్రాణము. మాటను స్వయముగా వ్రాయలేని పిల్లవాడు ఎదుటనున్న నాలుగింటిలో సరియైనదానిని గుర్తింపగలడు. జ్ఞప్తికి తెచ్చుకొనుటకంటె గుర్తించుట సులభము గదా.

కాని తెలుగు క్రియ యొక్కటి పురుష, వచన, కాలభేదములచేతను, ప్రత్యయములు ఒకదానిపై నొకటి చేరుటచేతను లెక్కకు మిక్కిలి రూపములు దాల్చును. దానికి సంధి తోడై రెండు మాటలను ఒకటి చేయును. ఆంగ్లపు నిఘంటువువలె మాటల పట్టికను యంత్రమునకు ఒప్పగించి ఊరకున్నచో, సరియైన మాటలే తప్పులుగా ఎఱ్ఱగీత క్రింద పడును. తాను వ్రాసినది సరియో కాదో తెలియక ఇదివఱకే భయపడుచున్న బాలునికి అంతకంటె హాని లేదు. అందుచేత తెలుగున తప్పులను దిద్దు సాధనమునకు నిఘంటువుకంటె వ్యాకరణము ముఖ్యము: ప్రతి మాటను ప్రాతిపదికగాను ప్రత్యయములుగాను విడదీయగల పదవిశ్లేషకము కావలెను. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున జి. ఉమామహేశ్వరరావు మొదలగువారు ఈ దిశలో ఏండ్లతరబడి చేసిన కృషి గణనీయమైనది. పదసూచన కూడ ధాతువును ముందు చూపి, బాలు డది యెన్నుకొనిన పిదప ప్రత్యయములను చూపునట్లు రెండు మెట్లుగా నుండినచో, వ్రాయుచుండగనే అతనికి వ్యాకరణము కొంత పట్టుబడును.

వ్రాసినదానిని తిరిగి చదివి వినిపించు సాధనమును గూర్చి మనవారు తగినంతగా తలపోయలేదని నా నమ్మకము. "కాలము" అని వ్రాయదలచి "కలము" అని వ్రాసిన పిల్లవాని కన్ను ఆ లోపమును పదిసార్లు చూచినను పట్టుకొనదు. తాను వ్రాయదలచినదే అతనికి కనబడును. అదే వాక్యమును యంత్రము గట్టిగా చదివి వినిపించినపుడు చెవి వెంటనే ఉలికిపడును. చదువున వెనుకబడిన బాలుని చెవి భాషయం దెన్నడును వెనుకబడియుండలేదు. తల్లి యొడిలో నేర్చిన ఆ చెవియే అతని కుత్తమమైన గురువు. ఈ పనికి విలువైన పరికరము లక్కఱలేదు. ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అను అంధయువకుడు 2006లో మొదలిడిన ఎన్‌వీడీఏ అను తెరచదువరియు, దానితో కలసి వచ్చు ఈస్పీక్ అను స్వరయంత్రమును ఉచితముగా లభించుచున్నవి, తెలుగును పలుకును, అంతర్జాలము లేని చోటను పనిచేయును. ఈస్పీకు స్వరము లోహధ్వనివలె కఱకుగా నుండుట నిజమే. ఏలయన అది మనుష్యుని స్వరమును అతికింపక, గొంతులోని ప్రతిధ్వనులను గణితముచే పుట్టించును. క్రొత్తగా వచ్చిన నాడీజాల పద్ధతులు మనుష్యస్వరమునకు మిక్కిలి దగ్గఱగా పలుకుచున్నవి గాని, వానిలో పలువానికి అంతర్జాలము కావలెను. దూరపు పల్లెబడికి కఱకైనను నమ్మదగిన స్వరమే మేలు.

ఇక పలికినదానిని వ్రాయు సాధనము. 2017 ఆగస్టులో గూగుల్ సంస్థ తన వాగ్లేఖనమును తెలుగునకు విస్తరించినది. నాటినుండి ఫోనుతో మాటలాడి తెలుగు వ్రాయుట సామాన్యులకు సాధ్యమైనది. భారతప్రభుత్వము 2022లో ప్రారంభించిన భాషిణి పథకమును, హైదరాబాదు ఐఐఐటీ, మద్రాసు ఐఐటీలలో జరుగుచున్న పరిశోధనయు ఈ విద్యను మన భాషలలో పెంపొందించుచున్నవి. యంత్రము పలుకును సెకనులో నూఱవవంతు చొప్పున చిన్న తునకలుగా గ్రహించి, ప్రతి తునకయందును ఏ యే కంపనము లెంతెంత బలముగా నున్నవో కొలిచి, ఆ కొలతల వరుసకును అక్షరముల వరుసకును గల సంబంధమును వేలకొలది గంటల పలుకులనుండి నేర్చుకొనును; సంశయము కలిగినచోట ఏ మాట రావచ్చునో భాషానుభవమునుబట్టి తేల్చుకొనును. కనుక అది ఎవరి పలుకులను విని నేర్చెనో వారి పలుకులనే బాగుగా గ్రహించును.

మన చిక్కు లిచ్చట మొదలగుచున్నవి. నేర్పుటకు సేకరించిన పలుకులలో అధికభాగము పెద్దలవి. పిల్లవాని కంఠనాళము పొట్టిది. అందలి ప్రతిధ్వనులు పై స్థాయిలో నుండును. కావున పెద్దల గొంతు నేర్చిన యంత్రము పసిగొంతును తప్పుగా వినును. దీనికి తోడు మాండలికము. "పోతాండాము", "వస్తాండాడు", "యాడికప్పా" అను ఈ సీమ పలుకులను కృష్ణాతీరపు వార్తాపఠనము విని నేర్చిన యంత్రము వేఱుమాటలుగా మార్చివేయవచ్చును. గొంతు విప్పి మాటలాడిన తర్వాత తెరపై తనది కాని మాట కనబడినపుడు, ఆ బాలుడు తన పలుకే తప్పనుకొనును.

ఈ సందర్భమున తెలుగుదేశము ఎఱిగిన పాత వివాద మొకటి స్మరణకు వచ్చుచున్నది. బడిపిల్లలు వ్యాసములను గ్రాంథికమున వ్రాయవలెనా, వ్యవహారమున వ్రాయవలెనా అని 1910 తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయమున గొప్ప తగవు చెలరేగినది. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు ఒకవంక నిలిచిరి. జయంతి రామయ్య ప్రభృతులు మఱొకవంక నిలిచిరి. గురజాడ తన అసమ్మతిపత్రమును 1914లో సమర్పించెను. గ్రాంథికచ్ఛాయగల ఈ వచనమును ప్రీతితో వ్రాయుచున్న నేనును, వ్రాయలేని పిల్లవాని విషయమున గిడుగువారి పక్షమునే నిస్సంశయముగా నిలుతును. పలుకునే మొదట లిపిలో పెట్టనిండు. తాను పలికినది అక్షరమై యెదుట నిలుచుట చూచిన పిదప, దానిని బడి తెలుగుగా దిద్దుట అతనికి రెండవ పని యగును. వాగ్లేఖనముతో వ్రాయుటలో ఉత్తమమైన క్రమమును ఇదియే: ముందు చెప్పవలసినది నాలుగు ముక్కలలో అనుకొనుట, పిదప పలుకుట, పిదప యంత్రముచే చదివించి వినుట, కడపట వ్రేలితో దిద్దుట. ఉపాధ్యాయుడు ప్రక్క నుండి ఈ క్రమమును నేర్పనిచో, బాలుడు ఆపు లేకుండ మాటలాడిన మాటల కుప్ప మాత్రము తెరపై మిగులును.

ఇంత చెప్పినందున చేతివ్రాతను బడినుండి తొలగింపవలెనని నా తాత్పర్యము కాదు. అమెరికాలో కరిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ అనువారు చదువింకను రాని అయిదేండ్ల పిల్లలచే కొన్ని యక్షరములను చేత వ్రాయించి, కొన్నింటిని కీలుపలకపై కొట్టించి, తర్వాత ఆ యక్షరములను చూపుచు వారి మెదడులను చిత్రించిరి. చేత వ్రాసిన యక్షరములను చూచినపుడు మాత్రమే చదువునకు సంబంధించిన మెదడుభాగములు విశేషముగా మేల్కొనెను. ఆ ఫలితమును 2012లో ప్రకటించిరి. కావున ఇసుకలో వ్రేలితో దిద్దించిన మన పూర్వుల పద్ధతి వెనుకబాటుతన మెంతమాత్రమును కాదు. చిన్న తరగతులలో అందఱకును చేతివ్రాత నేర్పవలెను. నేర్పినను రానివారికి, పాఠములు పెద్దవై వ్రాయవలసిన పుటలు పెరుగు తరగతులలో, యంత్రసాహాయ్యము నీయవలెను. చేయి నేర్చుటకు గూడ యంత్రము తోడ్పడును. స్విట్జర్లండులోని లోజాను సాంకేతిక విశ్వవిద్యాలయమువారు చిన్న మరబొమ్మ నొకదానిని చెడ్డవ్రాత వ్రాయునట్లు చేసి, వ్రాత రాని పిల్లలనే దానికి గురువులుగా నియమించిరి; ఎప్పుడును దిద్దించుకొనుటయే గాని దిద్దుట యెఱుగని ఆ పిల్లలు, బొమ్మకు నేర్పవలెనన్న ఉత్సాహమున తామును మఱల మఱల వ్రాసిరి. అచ్చటివారే 2018లో, సామాన్యమైన ట్యాబుమీద పిల్లలు వ్రాయుచుండగా కలపు వేగమును, ఒత్తిడిని, వంపును, వణకును కొలిచి లేఖనవైకల్యమును గుర్తించు పద్ధతిని ప్రకటించిరి. పూర్తియైన వ్రాతను మాత్రమే చూచు ఉపాధ్యాయుని కన్నునకు అందని సంగతిని, వ్రాయుచున్న చేతి నడక చెప్పుచున్నది.

న్యాయశాస్త్రము కూడ ఈ పిల్లల పక్షమునకు ఆలస్యముగానైనను వచ్చినది. 1995నాటి వికలాంగుల చట్టములో అభ్యసనవైకల్యము ప్రస్తావనకే రాలేదు. 2016నాటి చట్టము ఇరువదియొక్క వైకల్యములను పేర్కొనుచు, చదువుటయందును వ్రాయుటయందును కలుగు నిర్దిష్ట వైకల్యమును అందు చేర్చినది. 2021 ఫిబ్రవరి 11న సుప్రీముకోర్టు వికాస్ కుమార్ వ్యాజ్యమున ఇచ్చిన తీర్పు ఇంకను ముఖ్యమైనది. వ్రాయునపుడు చేయి బిగుసుకొనిపోవు రుగ్మతగల అభ్యర్థికి, వైకల్యశాతము చాలలేదను కారణమున వ్రాయసకానిని నిరాకరించుట తగదని న్యాయమూర్తి చంద్రచూడ్ నాయకత్వమునగల ధర్మాసనము తీర్మానించినది. పరీక్షలలో వ్రాయసకాడు ఇప్పటికిని సామాన్యముగా దొరకు సాహాయ్యము. కాని వ్రాయసకాడు మఱియొక మనుష్యుడు, అతని యక్షరజ్ఞానము వేఱు, అతని తొందర వేఱు, అతని యెదుట సిగ్గు వేఱు. తనకు అలవాటైన యంత్రముపై తానే వ్రాసికొను పిల్లవానికి ఆ పరాధీనత తప్పును. అయితే పరీక్షనాడు యంత్రమిచ్చుట చాలదు. ఏడాది పొడుగున తరగతిలో దానితో వ్రాసినవానికే ఆనాడది ఉపకరించును.

వైకల్యమును తెలుగున కొలుచు సాధనముల కొఱత మఱియొకటి. జాతీయ మస్తిష్క పరిశోధన కేంద్రమువారు 2015లో వెలువరించిన డాలీ పరీక్షలు తొలుత హిందీ, మరాఠీ, కన్నడ, ఆంగ్లములలో వచ్చినవి. ప్రభుత్వము ధ్రువపత్రములకై ఆమోదించిన పరీక్షాసముదాయము బెంగుళూరు నిమ్హాన్సువారిది. కూలికై ఏ నగరమునకు ఈ సీమ తల్లిదండ్రులు పోవుచున్నారో, వారి పిల్లల చిక్కునకు పేరుపెట్టగల విద్య ఆ నగరముననే యున్నది.

సాధనములు లేవను మాట నేడు పూర్తిగా నిజము కాదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబులను పంచినది. వానిని పాఠములు చూపుటకై ఇచ్చిరి. కాని మాట వినుటకు చెవియు, పలుకుటకు నోరును, వ్రాయుటకు తెరయు గల ఆ పరికరము వ్రాతసాధనము కూడ అగును. మండలములలో ప్రత్యేకావసరములుగల పిల్లలకై నడచు భవిత కేంద్రములందలి ఉపాధ్యాయులకు తెలుగు కీలుపలకను, స్వరయంత్రమును, వాగ్లేఖనమును వాడు విధము నేర్పినచో, క్రొత్త యంత్రములు కొనకయే పని మొదలగును.

ముందు చెప్పెదనన్న మాట యొకటి మిగిలినది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన నాటినుండి, విషయము పేరు చెప్పిన చాలును, వ్యాసమునే వ్రాసియిచ్చు యంత్రములు అందఱ చేతికిని వచ్చినవి. వ్రాత రాని పిల్లవానికి ఇది వరమని కొందరనుచున్నారు; నేనట్లు తలపను. ఆ పిల్లవానియందు చెప్పవలసిన మాట మొదటినుండియు ఉన్నది. మన మతనికి అక్షరమున సాయము చేయుటకు మాఱుగా మాటనే తెచ్చియిచ్చినచో, నీకు చెప్పవలసినది లేదని అతనిని సోమరి యన్న పాత గురువుతో ఏకీభవించినట్లే. అదే యంత్రమును వేఱు విధమున వాడవచ్చును: తరువాత ఏమి జరిగెను, ఎందుకు జరిగెను, ఆనాడు పొలములో నీవు చూచిన దేమి యని ప్రశ్నించు శ్రోతగా దానిని నిలిపి, సమాధానములను బాలుని నోటనే రాబట్టవచ్చును. అది సమ్మతమైన ఉపయోగము.

ఈ సీమకు అన్నిటికంటె ముందు కావలసినది దాని పిల్లల పలుకుల సంచయము. వేల గంటల పలుకులతో ఇదివఱకే నేర్చియున్న యంత్రమును, కొలదిపాటి క్రొత్త పలుకులతో ఒక మాండలికమునకును ఒక వయస్సునకును అనువుగా తీర్చిదిద్దు పద్ధతి ఇప్పుడు శాస్త్రజ్ఞులలో వ్యాప్తమై యున్నది. అందుచేత పని అసాధ్యమైనంత పెద్దది కాదు. తల్లిదండ్రుల యనుమతితో, పేర్లు చేర్పక, బడిపిల్లలు తమ యింటి భాషలో చెప్పిన చెనిక్కాయ కోతను, జాతరను, బెంగుళూరు బస్సును, కతలను రికార్డు చేయవలెను. ప్రతి పలుకునకును ఇరువిధముల వ్రాత జతపఱుపవలెను: పలికినది పలికినట్లు ఒకటి, పాఠ్యపుస్తకపు తెలుగున ఒకటి. మొదటిది యంత్రమునకు చెవి నిచ్చును. రెండవది పిల్లవానికి దిద్దుకొను దారి చూపును. ఈ వ్రాతలను జతపఱచు పనిని నగరములలోని పరిశోధకులు చేయజాలరు. "పోతాండాము" అను మాటను విన్న వెంటనే తెలియు ఈ మండలపు ఉపాధ్యాయులే చేయవలెను, అందులకు వారికి పనిగంటలును పారితోషికమును కేటాయింపవలెను.